వాలు తలం: కోణం కుదిరితే సరిపోదు

(బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మిల్లింగ్ పని, అంటే తిరిగే కట్టర్‌తో లోహం కోసే పని, చేసే తెలుగువాళ్ళు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. హిందూపురం, మదనపల్లె, కుప్పం, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఉన్నట్టున్నారు. ఐటిఐ అయిపోగానే ఇక్కడికొచ్చి మెషీన్ ఎక్కినవాళ్ళు ఉన్నారు, డిప్లొమా చేసి ప్రోగ్రామింగ్ వైపు వెళ్ళినవాళ్ళు ఉన్నారు, సొంతంగా షెడ్డు పెట్టుకుని జాబ్ వర్క్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు వదులుకుని వచ్చారు కాబట్టి నేరుగా పనిలోకే వస్తాను.

వాలు తలం ఉన్న జాబ్, అంటే కోయాల్సిన లోహపు ముక్క, చేతికి రాగానే మనందరి కళ్ళూ డ్రాయింగ్‌లో కోణం మీదికే పోతాయి. 30 డిగ్రీలా, 17న్నర డిగ్రీలా, దాన్ని ఎలా తెప్పించాలి అని. సగం రోజు ఆ కోణం కుదర్చడానికే పోతుంది. తీరా జాబ్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తే రిపోర్టులో కోణం ఓకే అనీ, పొడవు కొలత తప్పిందనీ వస్తుంది. పీణ్యలో ఏ షెడ్డులో అడిగినా ఈ మాట వినిపిస్తుంది. ఎందుకంటే వాలు తలానికి రెండు ప్రశ్నలు ఉంటాయి. ఎంత వాలు అన్నది ఒకటి, ఆ తలం ఎక్కడ నిలబడాలి అన్నది రెండోది. మొదటిదానికి మన దగ్గర సాధనాలు బోలెడు. రెండోదానికి చేత్తో పట్టుకుని చూపించగలిగే అంచు కూడా ఉండదు. డ్రాయింగ్‌లో 40 మి.మీ. అని రాసిన గీత రెండు తలాలు కలిసే ఒక ఊహాబిందువు దగ్గర ఆగుతుంది. జాబ్ మీద ఆ బిందువు చాలాసార్లు ఉండనే ఉండదు. ఉంటే గింటే బర్ (కోసిన అంచున మిగిలే గరుకు) తీసేటప్పుడు పోతుంది, లేదా అక్కడే చాంఫర్ (అంచును ఏటవాలుగా తీసిన చిన్న కోత) ఉంటుంది. లేని బిందువు నుంచి ఎవరు ఏం కొలుస్తారు? నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీని గురించే. కానీ కోణం సంగతి తేల్చకుండా అక్కడికి పోలేం.

ముందు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 100 మి.మీ. పొడవు మీద ఒక డిగ్రీ తేడా అంటే సుమారు 1.75 మి.మీ. ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా అంటే 0.029 మి.మీ. మన కోణమాపకం, అదే వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టర్, దాని కనీస కొలత 5 నిమిషాలు. అంటే ప్రొట్రాక్టర్ తనకు చేతనైనంత బాగా చెప్పినా, 100 మి.మీ. మీద దాదాపు 0.15 తేడాను అది పట్టుకోలేదు. అయస్కాంతంతో అతుక్కునే చిన్న డిజిటల్ డబ్బాలు ఉన్నాయి కదా, అవి డిగ్రీలో పదోవంతు చూపిస్తాయి. పదోవంతు డిగ్రీ అంటే అదే 100 మి.మీ. మీద 0.17. వెల్డింగ్ ఫిక్చర్‌కు (జాబ్‌ను పట్టి ఉంచే చట్రానికి), చాంఫర్‌కు ఇవి చాలు. 0.05 టోలరెన్స్ (అనుమతించిన తేడా) ఉన్న వాలు తలానికి చాలవు. ప్రొట్రాక్టర్‌తో దగ్గరికి తెచ్చుకోండి, తప్పులేదు. తేల్చుకోవడం మాత్రం దానితో వద్దు.

తేల్చేది సైన్ బార్. రెండు రోలర్ల కేంద్రాల మధ్య దూరం సరిగ్గా 100 గానీ 200 గానీ ఉండే బార్ అది. ఒక రోలర్ కింద స్లిప్ గేజ్‌లు, అంటే కచ్చితమైన మందం ఉన్న ఉక్కు ముక్కలు, పేరిస్తే ఆ ఎత్తును కేంద్రాల దూరంతో భాగించిన విలువే ఆ కోణం సైన్. 17న్నర డిగ్రీలకు సైన్ 0.300706. 100 మి.మీ. బార్ అయితే 30.071 ఎత్తు కావాలి. 87 ముక్కల సెట్టులో 1.001, 1.07, 8, 20 తీసి కలిపితే 30.071 వచ్చేస్తుంది. ఇన్ని కొద్ది ముక్కలతో ఇన్ని కొలతలు కట్టవచ్చని 1896లో స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్ ఆలోచించాడు. తుపాకుల కర్మాగారంలో పనిచేసిన మనిషి. ఒక్కో కొలతకు ఒక్కో గేజ్ చేసుకునే పద్ధతి అతనికి నచ్చలేదు. ఈరోజు మన స్లిప్ బాక్స్ తెరిచిన ప్రతిసారీ అతని ఆలోచనే వాడుతున్నాం.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. స్లిప్ గేజ్‌ల కొలత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్క, మన షెడ్డు ఎండాకాలం 34 దాకా పోతుంది, మరి కోణం తప్పదా అని. తప్పదు. సైన్ బారూ ఉక్కే, స్లిప్పులూ ఉక్కే. రెండూ ఒకే వేడిలో ఉంటే రెండూ ఒకే పాళ్ళలో పెరుగుతాయి, భాగహారం ఫలితం మారదు. స్లిప్పులను అరచేతిలో పట్టుకుని పది నిమిషాలు మాట్లాడి అప్పుడు పేరిస్తేనే తేడా. ఉక్కు ఒక మీటరుకు ఒక డిగ్రీకి 11.5 మైక్రాన్లు పెరుగుతుంది, అల్యూమినియం అయితే దాదాపు రెట్టింపు, 23 మైక్రాన్లు. అందుకని వేడి వల్ల చెడేది కోణం కాదు, తలం ఉండాల్సిన చోటు. అల్యూమినియం జాబ్‌ను కటింగ్ వేడిలోనే కొలిచి ఓకే అనుకుంటే చల్లారాక కొలత మారిపోతుంది.

సైన్ బార్‌తో 45 డిగ్రీలు దాటకండి. కోణం పెరిగేకొద్దీ ఎత్తులో అదే చిన్న తప్పు కోణంలో పెద్ద తప్పు అవుతుంది. 60 డిగ్రీల దగ్గర అది సున్నా డిగ్రీల దగ్గర ఉన్నదానికి రెట్టింపు. 60 కావాలంటే యాంగిల్ ప్లేటుకు (లంబకోణపు ఆధారానికి) ఆనించి 30 పెట్టుకోండి, జాబ్‌ను 90 తిప్పి పట్టుకోండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. సైన్ బార్, స్లిప్ గేజ్‌లు సెట్ చేయడానికి ఉన్నవి, కటింగ్ భారం మోయడానికి కాదు. స్లిప్పుల మీద జాబ్ పెట్టి, పైనుంచి క్లాంప్ బిగించి, ఎండ్ మిల్ కట్టర్ దించేవాళ్ళను చూస్తుంటాం. రోలర్ల మీద గుంటలు పడతాయి, స్లిప్పుల అంచులు పోతాయి, ఆ తర్వాత ఆ బార్ ఏ జాబ్‌కూ నిజం చెప్పదు. అయస్కాంతపు సైన్ ప్లేట్ కూడా గ్రైండింగ్ కోసం చేసింది, మిల్లింగ్ కటింగ్‌కు అది ఆగదు. సరైన పద్ధతి ఇది. వాల్చే యాంగిల్ ప్లేటునో వాల్చే వైసునో సుమారుగా వాల్చండి. దాని మీద సైన్ బార్ పెట్టి, దిగువ వైపు రోలర్ కింద స్లిప్పులు పెట్టండి. బార్ జారకుండా ఒక ఆనుడు పెట్టుకోండి. ప్లేటు వాలు సరిగ్గా 17న్నర ఉన్నప్పుడు బార్ పై తలం టేబుల్‌కు మట్టంగా వస్తుంది. స్పిండిల్‌కు (కట్టర్‌ను తిప్పే ఇరుసుకు) పప్పీ డయల్, అంటే సన్నని ఎత్తు తేడాలు చూపే ముల్లు గేజ్, పట్టి బార్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించండి. 100 మి.మీ. మీద ముల్లు 0.005 కన్నా కదలకపోతే మీ కోణంలో తేడా సుమారు 10 సెకన్ల లోపు ఉన్నట్టు (సెకను అంటే కోణపు నిమిషంలో అరవయ్యో వంతు). ప్లేటు బోల్టులు బిగించండి, బిగించాక మళ్ళీ ఒకసారి చూడండి, ఎందుకంటే బిగించేటప్పుడే కదులుతుంది. ఇక సైన్ బార్, స్లిప్పులు తీసి తుడిచి డబ్బాలో పెట్టేయండి.

వాలు తెప్పించడానికి మూడు దారులు ఉన్నాయి. స్పిండిల్ హెడ్‌ను వాల్చడం, టేబుల్‌ను తిప్పడం, జాబ్‌ను వాల్చడం. టరెట్ మిల్లు మీద హెడ్ వాల్చడం చాలా తేలిక. ఆ తరహా మెషీన్‌ను అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్ళో 1938లో తయారుచేశారు, ఇప్పుడు ప్రతి టూల్‌రూములోనూ దాని సంతతే. మన హెచ్ఎంటి యూనివర్సల్ మిల్లు, ఎఫ్ఎన్ 2యు, టేబుల్ అటూ ఇటూ 45 డిగ్రీలు తిరుగుతుంది. 1953లో మొదలైన ఆ సంస్థ చేసిన పాత మిల్లులు ఈ ఊళ్ళో ఇంకా రెండు షిఫ్టులు పనిచేస్తున్నాయి. మెషీన్ల మీద నాకు గౌరవమే. అయినా అవకాశం ఉన్నంతవరకు జాబ్‌నే వాల్చండి, స్పిండిల్‌ను నిటారుగా వదిలేయండి అంటాను.

కారణం చెప్తాను. హెడ్‌ను ఎడమకో కుడికో వాల్చాక, కట్టర్ అడుగు భాగంతో వాలు తలం కోయాలంటే టేబుల్‌ను ముందుకూ వెనక్కూ మాత్రమే నడపాలి. పొడవు దిశలో నడిపితే వాలు రాదు, పంటిగాట్లు వస్తాయి. ముందువెనకలకే నడిపితే కట్టర్ వ్యాసం ఎంతో తలం వెడల్పు అంతే. ఇంకా వెడల్పు కావాలంటే టేబుల్‌ను పక్కకూ పైకీ లెక్క ప్రకారం కలిపి జరపాలి, కలిసిన చోట గీత కనిపిస్తుంది. క్విల్ (స్పిండిల్‌ను కిందికి దించే గొట్టం) దించితే కట్టర్ కిందికే కాదు, పక్కకు కూడా పోతుంది. డి ఆర్ ఓ (టేబుల్ కదలికను అంకెల్లో చూపే తెర) ఆ పక్క కదలికను చూపించదు. పని అయ్యాక హెడ్‌ను మళ్ళీ నిటారుగా తెచ్చి, డయల్‌తో టేబుల్ మీద చుట్టూ తిప్పి చూసుకోవాలి. అది చేయకుండా వదిలేస్తే రేపు పొద్దున అదే మెషీన్ మీద ఇంకొకరు చేసే జాబ్ చెడుతుంది. జాబ్ మరీ పెద్దదై వాల్చడానికి వీల్లేకపోతే హెడ్ వాల్చండి. అంతవరకే.

జాబ్ వాల్చేటప్పుడు అందరూ మరిచిపోయేది ఒకటుంది. వాల్చే ఇరుసుకు జాబ్ అంచు సమాంతరంగా ఉందా? పైనుంచి చూస్తే జాబ్ పదోవంతు డిగ్రీ వంకరగా కూర్చుంటే, 30 డిగ్రీల వాలు మీద 100 మి.మీ. వెడల్పుకు సుమారు 0.09 పక్కవాలు వస్తుంది. ప్రధాన కోణం కొలిస్తే సరిగ్గానే ఉంటుంది. అసెంబ్లీలో మాత్రం ఒక మూల ఎత్తుగా నిలుస్తుంది. అందుకే వాల్చకముందే అంచుకు డయల్ పెట్టి నడపండి. వాల్చిన తర్వాత ఆ అంచు మీద డయల్ నడపడం అంత సులువుగా ఉండదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తలం ఎక్కడ నిలబడాలి?

దీనికి టూల్‌రూములో పెద్దవాళ్ళు వాడే ఉపాయం చాలా పాతది, చాలా గొప్పది. ఒక బంతి. టూలింగ్ బాల్ అంటారు. ఒక చిన్న కాడ, దాని కొసన కచ్చితమైన గోళం. ఒక రంధ్రాన్ని రీమ్ చేసి, అంటే కచ్చితమైన కొలతకు నున్నగా తెచ్చి, కాడను అందులో దిగ్గొడతారు. గోళానికి ఉన్న గుణం ఏమిటంటే దాన్ని ఎటు వాల్చినా, ఎంత తిప్పినా, ఏ దిక్కు నుంచి తాకినా కేంద్రం దూరం మారదు. అంచు అలా కాదు, మూల అలా కాదు. జాబ్ మట్టంగా ఉన్నప్పుడు బంతి కేంద్రం ఎక్కడ ఉందో కొలిచి పెట్టుకుంటే, జాబ్‌ను వాల్చిన తర్వాత కూడా ఆ కొలత బతికే ఉంటుంది. కొనలేకపోతే మంచి బేరింగ్ బంతిని డోవెల్ పిన్నుకు (కచ్చితమైన కొలత ఉన్న ఉక్కు మేకుకు) అతికించి చేసుకోవచ్చు. మంచి రకం బేరింగ్ బంతి గుండ్రతనం మైక్రాన్ లోపే ఉంటుంది.

లెక్క చేసి చూద్దాం, రాసుకోండి. ఒక దిమ్మ. పై తలం మట్టం. కుడివైపు ఒక గీత దగ్గర మొదలై 30 డిగ్రీల వాలు కిందికి దిగాలి. ఆ గీత మన ఊహాబిందువు. దానికి ఎడమవైపు 40 మి.మీ. దూరంలో బంతి కేంద్రం ఉంది, పై తలానికి 12 మి.మీ. ఎత్తున. బంతి వ్యాసం 10. ఇప్పుడు వాలు తలాన్ని ఎడమవైపుకు ఊహలో పొడిగించండి, అది బంతి మీదుగా పోతుంది. బంతి కేంద్రం నుంచి ఆ తలానికి లంబదూరం ఎంత? 40ని సైన్ 30తో గుణిస్తే 20. 12ను కోసైన్ 30తో గుణిస్తే 10.392. తీసివేస్తే 9.608. అందులోంచి బంతి వ్యాసార్ధం 5 తీసేస్తే 4.608. అంతే. జాబ్‌ను 30 డిగ్రీలు వాల్చి వాలు తలాన్ని మట్టం చేసినప్పుడు, పూర్తయిన తలం బంతి నెత్తి కన్నా సరిగ్గా 4.608 పైన ఉండాలి. ఊహాబిందువు లేకపోయినా పర్వాలేదు. అది ఎక్కడ ఉండాలో బంతి చెప్పేసింది.

మెషీన్ మీద ఇలా చేయాలి. స్పిండిల్‌కు పట్టిన డయల్‌ను బంతి నెత్తి మీద అటూ ఇటూ నడిపి, అన్నిటికన్నా ఎత్తైన చోట సున్నా చేయండి. రఫ్ కటింగ్ అయ్యాక అర మి.మీ. వదిలి ఆపండి. టేబుల్‌ను 4.608 దించి అదే డయల్‌ను తలం మీద పెట్టండి. ఎంత ఎక్కువ చూపిస్తే ఇంకా అంత కోయాలి. చివరికి అక్కడ సున్నా వస్తే పని అయిపోయినట్టు. కట్టర్ పొడవు అరిగిందా, కాలెట్‌లో (కట్టర్‌ను పట్టే బిగింపులో) జారిందా అన్న ప్రశ్నే రాదు. కొలిచింది కట్టర్‌ను కాదు, జాబ్‌ను.

దీనిలో ఇంకొక మేలు ఉంది. 40 దూరం కొలవడంలో 0.02 తప్పు జరిగిందనుకోండి, 30 డిగ్రీల దగ్గర ఎత్తులో అది 0.01గానే కనిపిస్తుంది. నిలువు కొలతలో 0.02 తప్పితే 0.017 అవుతుంది. ఏ కొలతను ఎంత జాగ్రత్తగా తీయాలో లెక్కే చెప్తుంది. వాలు తక్కువైతే ఎత్తు కొలత ముఖ్యం, వాలు నిటారుకు దగ్గరైతే అడ్డం కొలత ముఖ్యం. జాబ్‌లో రంధ్రం వేయనివ్వకపోతే బంతిని ఫిక్చర్ ప్లేటులో పెట్టండి. జాబ్‌ను ఆ ప్లేటు మీద డోవెల్‌కూ ఆనుడుకూ పెట్టి బిగించండి. వంద జాబులు వచ్చినా బంతి ఒక్కటే.

పూర్తయిన తలాన్ని సరిచూడటానికి రోలర్ పద్ధతి ఉంది, డోవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు గాడి) చేసినవాళ్ళకు తెలుసు. 60 డిగ్రీల మూలలో 10 మి.మీ. రోలర్ పెడితే, ఊహామూల నుంచి రోలర్ బయటి అంచు వరకు 13.66. ఏ కోణానికైనా వ్యాసార్ధాన్ని సగం కోణపు టాన్జెంట్‌తో భాగించి, దానికి వ్యాసార్ధం కలపాలి. మైక్రోమీటర్ చాలు, సిఎంఎం అనే పెద్ద కొలత మెషీన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

రెండు వైపులా వాలు ఉన్న తలం దగ్గర అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఆగిపోతారు. ముందు వ్యూలో 10 డిగ్రీలు, పక్క వ్యూలో 15 డిగ్రీలు అని డ్రాయింగ్ చెప్తుంది. జాబ్‌ను ఒకవైపు 10, ఇంకొకవైపు 15 వాల్చి కోసేస్తారు. తప్పుతుంది.

మన ఊరి చెరువు కట్ట గుర్తు తెచ్చుకోండి. కట్ట దిగేటప్పుడు సూటిగా దిగితే వాలు ఎక్కువ, ఐమూలగా దిగితే తక్కువ. కట్ట ఒక్కటే, నడిచే దిక్కును బట్టి వాలు మారుతుంది. డ్రాయింగ్‌లో రెండు వ్యూలూ అలా ఐమూలగా కొలిచిన వాలులే. అసలు వాలు, అంటే నీళ్ళు పోస్తే జారే దిక్కులో ఉండే వాలు, ఆ రెండింటికన్నా ఎక్కువ ఉంటుంది. లెక్క ఇది. రెండు కోణాల టాన్జెంట్లను వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే అసలు వాలు టాన్జెంట్ వస్తుంది. టాన్ 10 అంటే 0.17633, టాన్ 15 అంటే 0.26795. వర్గాల మొత్తానికి మూలం 0.32076. కోణం 17 డిగ్రీల 47 నిమిషాలు. అది ఏ దిక్కులో ఉంది? 0.26795ను 0.17633తో భాగిస్తే 1.5196, దాని కోణం 56 డిగ్రీల 39 నిమిషాలు. అంటే జాబ్‌ను మట్టంగా ఉన్నప్పుడు 56 డిగ్రీల 39 నిమిషాలు తిప్పి కూర్చోబెట్టి, ఆ తర్వాత ఒక్కసారి 17 డిగ్రీల 47 నిమిషాలు వాల్చాలి. 100 మి.మీ. సైన్ బార్‌కు స్లిప్పులు 30.543. రోటరీ టేబుల్, యాంగిల్ ప్లేటు ఉన్న ఏ షెడ్డులోనైనా ఇది అవుతుంది.

రెండు ఇరుసులున్న వాల్చే టేబుల్ ఉంటే ఇంకొక దారి. పై ఇరుసుకు డ్రాయింగ్ కోణాన్ని ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, 10. ఆ వాల్పుతో ఒక దిక్కు మట్టం అవుతుంది. ఇప్పుడు మిగిలిన దిక్కులో వాలు 15 ఉండదు. టాన్ 15ను కోసైన్ 10తో గుణించాలి, 14 డిగ్రీల 47 నిమిషాలు వస్తుంది. కింది ఇరుసుకు అదే ఇవ్వాలి. 13 నిమిషాలే కదా అనుకోకండి, 100 మి.మీ. మీద అది 0.38. ఏ ఇరుసుకు సవరణ అని ప్రతిసారీ గందరగోళం వస్తుంది. కింది ఇరుసుకే సవరణ, పైదానికి కాదు. పై ఇరుసుకు 15 ఇస్తే కింది ఇరుసుకు 9 డిగ్రీల 40 నిమిషాలు. ఇంట్లో ఒక సబ్బును కోసి అయినా చేసి చూడండి, ఒకసారి చేత్తో చేస్తే మరిచిపోరు.

ఇవన్నీ డ్రాయింగ్ కోణాలు వ్యూలో కనిపించే కోణాలైతేనే. కొందరు డిజైనర్లు ముందు ఇంత తిప్పి, తర్వాత ఇంత వాల్చాలి అన్న అర్థంలో రాస్తారు. రెండూ ఒకటి కావు. కటింగ్ మొదలుపెట్టకముందు ఫోన్ చేసి అడగండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. మోడల్ ఫైలు తెప్పించుకుని ఆ తలం లంబదిశ చూసుకుంటే అసలే గొడవ ఉండదు.

పట్టుకునే పద్ధతి గురించి కొంచెం. వాలు తలాలను ఎప్పుడూ చివర్లో కోయండి. వైసుకు కావలసింది రెండు సమాంతర తలాలు. వాటిని పోగొట్టుకున్న తర్వాత జాబ్‌ను పట్టుకోవడమే ఒక ప్రాజెక్టు అవుతుంది. ముందే దిమ్మను చతురస్రంగా చేసుకుని, రంధ్రాలన్నీ వేసి, పట్టుకోవడానికి ఒక చెవి వదులుకోండి, చివర్లో కోసేయవచ్చు. అల్యూమినియం మెత్తని జాలను (వైసు దవడలను) అదే కోణంలో కోసుకుంటే వందల జాబులకు పనికొస్తాయి. కటింగ్ తోపు వైసు స్థిర జా వైపు పోయేలా చూసుకోండి, వాలు కిందికి జారే వైపు కాదు. జారే వైపు తప్పనిసరైతే అక్కడ ఒక గట్టి ఆనుడు పెట్టండి. క్లాంప్ రాపిడి మీద నమ్మకం పెట్టుకోవద్దు. సమాంతరం కాని జాబ్‌ను పట్టాలంటే కదిలే జా వైపు ఒక గుండ్రని రాడ్ అడ్డం పెట్టండి, స్థిర జాకు జాబ్ పూర్తిగా ఆనుతుంది.

వాలు మీద రంధ్రం వేయాలంటే డ్రిల్‌ను నేరుగా దించకండి, అది కిందికి జారి పక్కకు పోతుంది. ముందు ఎండ్ మిల్‌తో చిన్న చదును చేసి, సెంటర్ డ్రిల్ పెట్టి, తర్వాతే డ్రిల్.

విఎంసి (ప్రోగ్రాంతో నడిచే నిలువు మెషీన్) ఉన్నవాళ్ళు కొస గుండ్రంగా ఉండే బాల్ నోస్ కట్టర్‌తో జాబ్ వాల్చకుండానే వాలు తలం కోస్తున్నారు. మంచిదే. కట్టర్ వరసల మధ్య మిగిలే గట్ల ఎత్తు ఎంతో తెలియాలంటే వరసల మధ్య దూరాన్ని వర్గం చేసి, కట్టర్ వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించండి. 10 మి.మీ. బాల్ నోస్, 0.3 వరస అయితే 0.002 చిల్లర. కంటికి బాగుంటుంది. ఎక్కువ సమయం పడుతుంది, అంతే. కానీ సీల్ కూర్చునే తలానికో, గ్రైండింగ్ అవసరం లేని జారుడు తలానికో ఫేస్ మిల్లు కోసిన చదునే నాకు ఇష్టం.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ఒక యువకుడు: సార్, మా కంపెనీలో ఐదు యాక్సిస్ మెషీన్ వచ్చింది. జి 68.2 అనే ఆదేశం రాస్తే వాలిన తలం మీదే ప్రోగ్రాం నడుస్తుంది. ఈ సైన్ బార్, బంతి ఇంకా నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి. మీ మెషీన్‌కు కోణం కష్టం కాదు, ఎన్‌కోడర్ (కోణాన్ని కొలిచే పరికరం) చూసుకుంటుంది. దానికి కూడా అసలు కష్టం చోటే. టేబుల్ తిరిగే కేంద్రం ఎక్కడ ఉందో కంట్రోల్‌లో ఒక సంఖ్య రాసి ఉంటుంది. అందులో 0.02 తప్పు ఉంటే, 90 డిగ్రీలు తిప్పేసరికి జాబ్ దాదాపు 0.03 పక్కన ఉంటుంది. మెషీన్ వేడెక్కినా, చిన్న గుద్దుడు జరిగినా ఆ కేంద్రం మారుతుంది. దాన్ని సరిచూడటానికి సర్వీసు ఇంజనీరు వచ్చి ఏం పెడతాడో చూశారా? టేబుల్ మీద ఒక బంతి పెడతాడు. ప్రోబ్‌తో దాన్ని తాకి, టేబుల్ తిప్పి, మళ్ళీ తాకుతాడు. ఇప్పటిదాకా మనం లెక్క చేసిన బంతే అది. ఎందుకు పెడుతున్నాడో తెలిసినవాళ్ళు సర్వీసు కోసం కాచుకోకుండా సోమవారం పొద్దున తామే చూసుకోగలరు.

ఒక అమ్మాయి: సార్, మాది ఇన్‌స్పెక్షన్. జాబ్‌లో బంతి ఉంటే మాకూ సులువే. కానీ కస్టమర్ డ్రాయింగ్‌లో బంతి ఉండదు కదా, రిపోర్టులో ఏం రాయాలమ్మా అని మా సీనియర్లు అడుగుతారు.

మంచి ప్రశ్న తల్లీ. ఆర్డర్ తీసుకునేటప్పుడే కస్టమర్‌తో మాట్లాడి బంతి రంధ్రానికి అనుమతి తీసుకోండి. విమానాల విడిభాగాలు చేసేవాళ్ళ డ్రాయింగ్‌లలో టూలింగ్ రంధ్రాలు ముందే చూపిస్తారు, అది కొత్త కోరిక ఏమీ కాదు. అనుమతి రాకపోతే బంతి ఫిక్చర్‌లో ఉంటుంది. అప్పుడు రిపోర్టులో డ్రాయింగ్‌లో ఉన్న ఆ కొలతకే, మీ లెక్కలో వచ్చిన విలువ రాయండి. దాన్ని లెక్కించి తెచ్చిన దారి మీ ప్రాసెస్ షీటులో ఉండాలి. బంతి వ్యాసం, కేంద్రం, లంబదూరం, 4.608 ఎలా వచ్చిందో అన్నీ. అదే షీటు మెషీన్ మీద ఉన్న అతని దగ్గరా, మీ దగ్గరా ఉండాలి. ఇద్దరూ వేర్వేరు చోట్ల నుంచి కొలిస్తే ఇద్దరూ సరిగ్గా కొలిచినా వాదన తెగదు. స్లిప్పులు, సైన్ బార్ ఎప్పటికప్పుడు కాలిబ్రేషన్‌కు పంపండి. తుమకూరు రోడ్డు మీదే సిఎంటిఐ (సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్) ఉంది, 1962లో స్థాపించారు, మనకు ఇంత దగ్గరలో అంత మంచి మెట్రాలజీ (కొలతల శాస్త్రం) సౌకర్యం ఉన్న ఊరు దేశంలో తక్కువ.

ఒక పెద్దాయన: కాస్టింగ్‌లకు (పోత ముక్కలకు) ఎట్లా సార్? మట్టం తలమే ఉండదు. అన్నీ వంకరే.

కాస్టింగ్‌కు ముందు మూడు బిందువులు ఎంచుకోండి అన్నా. వీలైనంత దూరదూరంగా, అచ్చు కలిసే గీతకు దూరంగా. వాటి కింద మూడు స్క్రూ జాకులు. నాలుగోది పెట్టొద్దు, నాలుగు పెడితే ఊగుతుంది లేదా బిగించినప్పుడు వంగుతుంది. క్లాంప్ కూడా సరిగ్గా జాకు పైనే పడాలి, మధ్యలో పడితే కాస్టింగ్ వంగి, క్లాంప్ తీశాక తలం బుంగ తేలుతుంది. పక్కన ఒక అంచుకు రెండు ఆనుడులు, ఇంకొక అంచుకు ఒకటి. మార్కింగ్ గీతలన్నిటికీ మెటల్ మిగులుతుందో లేదో హైట్ గేజ్‌తో చూసుకుని జాకులు సవరించుకోండి. అప్పుడు మొదటి పని వాలు తలం కాదు. ఒక చిన్న మట్టం పాదం కోయండి, దాని పక్కనే రెండు రంధ్రాలు రీమ్ చేయండి. అంతవరకు మీకు డేటమ్, అంటే కొలతలు మొదలుపెట్టే ఆధారం, లేదు, ఇప్పుడు వచ్చింది. ఒక రంధ్రంలో బంతి పెట్టండి, రెండోది జాబ్ తిరగకుండా. అక్కడి నుంచి దిమ్మకు చేసిన లెక్కే కాస్టింగ్‌కూ చేయొచ్చు. మీ కాస్టింగ్ డ్రాయింగ్ తెచ్చారా? ఇటివ్వండి, బోర్డు మీద చూద్దాం.